కూల్చేముందు కొలిచి చూడండి



వరికుంటపాడుకు దాపునే ఉన్న ఉదయగిరిలో కొయ్యతో చెక్కే చెంచాలకు, గరిటెలకు 2015లో భౌగోళిక గుర్తింపు లభించింది. కొయ్యగరిటెకు అంత గౌరవమిచ్చిన మనం, అలాంటి నేర్పుతోనే చెక్కిన పాత ద్వారబంధాన్ని మాత్రం కట్టెల లెక్కన అమ్మేస్తున్నాం. ఇది న్యాయమేనా?

మండువా ఇల్లు అనండి, తొట్టికట్టు ఇల్లు అనండి, అందులో అందంతోపాటు విజ్ఞానమూ ఉంది. దాని మందపాటి గోడ ఎండకు వెంటనే వేడెక్కదు. మధ్యాహ్నపు వేడి లోపలికి చేరేసరికి సాయంత్రమవుతుంది. అప్పటికి బయటిగాలి చల్లబడుతుంది. నడుమ ఉన్న మండువాలోంచి వేడిగాలి తేలికై పైకి పోతుంది. పలుచని కాంక్రీటు కప్పు పగలు తాగిన ఎండను రాత్రి మన నెత్తిన కక్కుతుంది.

ఇక సున్నం సంగతి చూద్దాం. సున్నపురాయిని సుమారు 900 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద కాలిస్తే బొగ్గుపులుసు వాయువు పోయి సున్నం మిగులుతుంది. దాన్ని నీళ్ళతో విరియబెట్టి, ఇసుక కలిపి, గానుగలో రుబ్బి గోడ కడితే, అది గాలిలోంచి అదే వాయువును మెల్లగా పీల్చుకొని మళ్ళీ రాయిగా మారుతుంది. సున్నంతో కట్టిన ఇటుకలను ఊడదీసి తిరిగి వాడుకోవచ్చు. సిమెంటు వాటిని అంత సులువుగా వదలదు.

"అయితే ఆ ఇళ్ళన్నీ అలాగే ఉంచాలా?" అని మీరడగవచ్చు. చెదలు, కురిసే కప్పు, పంపకాల్లో ముక్కలైన వాకిలి - ఆ బాధ అందులో ఉన్నవారికే తెలుసు. పైగా, ఆ గడప దాటనివ్వక బయటే నిలబెట్టిన మనుషులూ మన ఊళ్ళలో ఉండేవారు. గుడిసె అంటుకుంటుందన్న భయం లేకుండా పేదవాణ్ణి పడుకోనిచ్చింది సిమెంటు కప్పే. ఆ మేలు మరువరాదు. పాతదంతా మంచిదని నేననను. తెలుసుకోకుండా పారేయవద్దంటాను.

ఇంగ్లండులో పుట్టి, 1945లో మన దేశానికి వచ్చిన వాస్తుశిల్పి లారీ బేకర్, పాత పద్ధతుల్లోని మంచిని ఏరుకొని కేరళలో తక్కువ ఖర్చుతో కొత్త ఇళ్ళు కట్టి చూపారు. మనమూ అలా ఏరుకోవాలంటే ముందు పాత ఇల్లు మనకు అర్థం కావాలి కదా!

ఈ వేసవిలో ఒక పని చేయండి. ఒక పాత ఇంట్లో, ఒక స్లాబు ఇంట్లో ఉష్ణమాపకాలు వేలాడదీసి, మధ్యాహ్నం 2 గంటలకు, రాత్రి 10 గంటలకు చూసి రాసుకోండి. గోడ మందం కొలవండి. ద్వారబంధం బొమ్మ గీయండి. ఆ ఇల్లు ఎవరు కట్టారో, సున్నం ఎలా రుబ్బారో మీ తాతయ్యనడగండి.

యంత్రం ఆ ఇంటిని ఒక్క పూటలో కూల్చేయగలదు. దాన్ని కట్టిన విద్య మరుగున పడితే తిరిగి తెచ్చే యంత్రం మాత్రం లేదు.