పిలుపును సాకులును



కొన్ని సంవత్సరముల క్రిందటి మాట. అవి ఆవకాయ దినములు. మా వీథి చివరి యింటిలో నొక వృద్ధురాలు కన్నులకు మసక క్రమ్మి, మోకాళ్లు పట్టుకొనిపోయి, మంచము దిగలేక యుండెను. వీథిలోనివారందఱును ఆమెను మామ్మగారని పిలుచుచుండిరి. ఒకనాటి యుదయమున ఆమె మాకు వర్తమానము పంపెను. దావీదు కీర్తనలు వినవలెనని మనసు కొట్టుకొనుచున్నదనియు, దినమున కొక్క గడియసేపు వచ్చి చదివి వినిపింతురా యనియు ఆ వర్తమానము. తప్పక వచ్చెదమనియే మేము చెప్పి పంపితిమి.

అయితే ఆనాడు మా పెరటి వసారాలో మామిడికాయలు కడిగి తుడిచి గుడ్డమీద ఆరబోసి యుండెను. కాయ కొట్టిన పిమ్మట ముక్క ఆగదు గదా! ఆవాలు దంపింపవలెను, ఉప్పు ఎండబెట్టవలెను, గానుగనుండి నూనె రావలెను. ఆ పని ముగిసి, మూడవనాడు జాడీ తెఱచి తిరుగ కలుపుచుండగా రెండవ వర్తమానము వచ్చెను. అప్పటికి మాగాయ ముక్కలు ఎండలో నుండెను. మబ్బు పట్టినచో బూజు పట్టునని మా భయము. తరువాత ఆడుబిడ్డగారు పిల్లలతో వచ్చిరి. ఆ తరువాత బడులు తెఱచిరి. వీనిలో నొక్కటియు అబద్ధము కాదు. ఎవరైనను వచ్చి మా యిల్లు సోదా చేసినను ప్రతి కారణమునకును సాక్ష్యము దొరకి యుండెడిది. జాడీలే సాక్ష్యము.

నెలమీద పదిదినములకు మేము వెళ్లితిమి. గది గుమ్మమునొద్దనే చదువుచున్న కంఠ మొకటి వినవచ్చెను. ఎదురింటివారి చిన్నపిల్ల, మూడవ తరగతి చదువుకొనుచున్నది, నేలమీద కూర్చుండి, ఒడిలో బైబిలు పెట్టుకొని, అక్షరముల క్రింద వ్రేలు నడుపుకొనుచు చదువుచున్నది. సంయుక్తాక్షరము వచ్చినచోట నిలిచిపోవుచున్నది. అట్లు నిలిచినప్పుడెల్ల మామ్మగారు, కీర్తనలన్నియు కంఠస్థములై యున్నవి గనుక, ఆ మాట నందించుచున్నారు. మా అడుగుల చప్పుడు విని, “అమ్మాయీ, నీవా? కూర్చో తల్లీ” అనిరి. పిల్ల చదువు ఆపలేదు. మమ్ము నెవరును ఒక్క మాట అనలేదు. మాకు అక్కడ చేయదగిన పని లేకపోయెను. ఇంటికి వచ్చునప్పుడు మా కాళ్లు బరువెక్కినవి.

నాటినుండి నిర్గమకాండము 3, 4 అధ్యాయములను మునుపటివలె మేము చదువలేకున్నాము. పూర్వము ఆ భాగము చదువునప్పుడు మండుచున్నను కాలిపోని పొదయే మా కన్నులకు గనబడుచుండెను. ఇప్పుడో, పొద యెదుట నిలిచిన యా ముసలి కాపరి చెప్పిన ప్రత్యుత్తరములే చెవిలో మ్రోగుచున్నవి. మోషేకు అప్పటికి 80 ఏండ్లు నిండవచ్చెను. మామగారైన యిత్రో మందను తోలుకొని హోరేబు కొండకు వచ్చినాడు. దేవుడు అతనిని పేరు పెట్టి పిలిచి, ఐగుప్తులో బానిసలై మూల్గుచున్న జనమును విడిపించుటకు ఫరోయొద్దకు వెళ్లుమనెను. మోషే ఐదు పర్యాయములు అడ్డు చెప్పెను. అంతటి పనికి తానెంతవాడననెను. పంపినవాని పేరేమని జనులడిగినచో ఏమి చెప్పవలెననెను. తన మాట వారు నమ్మరనెను. తనకు మాట తడబడుననెను. కడపటిసారి కారణమేదియు చెప్పకయే, మఱి యెవరినైనను పంపుమని వేడుకొనెను.

ఇందు మొదటి నాలుగును నిజములే యని గమనింపుడు. నమ్మరను మాట యూరక పుట్టినది కాదు. యౌవనమున నతడు పోట్లాడుకొనుచున్న యిద్దఱు హెబ్రీయులను సమాధానపఱుపబోగా, మాకు నిన్ను తీర్పరిగా నెవరు నియమించిరని వారిలో నొకడు నిందించెను. ఆ గాయము నలువది యేండ్లయినను మానలేదు కాబోలు. మనలో ననేకుల సాకులకు వేరు ఇట్టిచోటనే యున్నది. ఒకప్పుడు మంచి తలంపుతో ముందునకు వచ్చితిమి, ఎవరో నవ్విరి, అత్తగారో తోడికోడలో ఒక మాట అనిరి, ఆనాడు మూసిన తలుపు మఱల తెఱవలేదు.

దేవుడతనితో వాదింపలేదు. తానెంతవాడనని యడిగినప్పుడు, నీవు రాజనగరులో పెరిగినవాడవు, విద్వాంసుడవు అని పొగడలేదు. తోడుగా నుందునని మాత్రము చెప్పెను. (ఇచ్చట మా తప్పొకటి ఒప్పుకొనవలసియున్నది. మాకేమి తెలియునని మేమనునప్పుడు, కాదు కాదు, మీకు తెలియనిదేమున్నదని ఎదుటివారు అందురేమో యని చెవి యొగ్గి యుందుము.) నమ్మరని యతడనగా, చేతిలో నున్నదేమని దేవుడడిగెను. ఉన్నది కఱ్ఱ. గొఱ్ఱెల నదలించు కఱ్ఱ, నడచునప్పుడు ఊతకఱ్ఱ. ఐగుప్తునకు బయలుదేరునప్పుడు మోషే దానినే చేతబట్టుకొనిపోయెను. ఎఱ్ఱసముద్రము మీద నెత్తినదియు కఱ్ఱయే.

నాలుగు సాకులకును ఓర్పుతో ప్రత్యుత్తరము వచ్చినది. ఐదవదానికి మాత్రము దేవునికి కోపము వచ్చెనని గ్రంథము చెప్పుచున్నది. భయమునకును, లోపమునకును, పూర్వపు గాయమునకును కోపము రాలేదు. ఇవన్నియు తీఱిన పిమ్మటను ఇష్టము లేదని బయటపడినప్పుడు వచ్చినది. అప్పుడైనను విడిచిపెట్టక, అన్నయైన అహరోనును తోడిచ్చెను. మాటకారియని యిచ్చిన యా అహరోనే తరువాత జనుల మాట త్రోసివేయలేక బంగారు దూడను పోతపోసెను. మాట తడబడునన్న మోషేయో, ద్వితీయోపదేశకాండములో అధిక భాగము అతని ప్రసంగములే.

మఱియొక సంగతి స్త్రీలమైన మనము మఱవరాదు. తానెంతవాడనన్న యా మనుష్యుడు ఆనాటికి బ్రతికి యుండుటయే కొందఱు స్త్రీలు ఆ మాట అనకుండుటచేత. మగశిశువులను చంపుడని ఫరో ఆజ్ఞాపింపగా, షిఫ్రా, పూయా అను మంత్రసానులు ఆ యాజ్ఞను పాటింపలేదు. వారేమి సేనానాయకులా? పురుడు పోయుట వారికి తెలిసిన పని. ఆ పనియందే వారు దేవునికి భయపడిరి. తల్లి యోకెబెదు జమ్ముపెట్టె తెచ్చి, నీరు చొరకుండ కీలు పూసెను. అక్క దూరమున నిలిచి కనిపెట్టుకొనియుండెను. ఫరో కుమార్తె తండ్రి యాజ్ఞ నెఱిగియే బిడ్డను పెంచుకొనెను. వీరిలో నెవరికిని పొద మండలేదు, ఆకాశవాణి వినబడలేదు. ఎదుట ఒక పసిబిడ్డ యేడ్చుచుండెను, అంతియే.

ఇట్టివి పురాతన కాలపు సంగతులని యందురా? వేలూరు వైద్యశాల పేరు వినని తెలుగు కుటుంబము అరుదు. చిత్తూరు, నెల్లూరు సీమలవారికి అది పొరుగూరివంటిది. దానిని స్థాపించిన ఐడా స్కడ్డరు దొరసానిగారు మొదట ఈ పని యొల్లననియే నిశ్చయించుకొన్నవారు. ఆమె 1870వ సంవత్సరమున రాణీపేటలో జన్మించిరి. తాతగారు, తండ్రిగారు మిషను వైద్యులు. బాల్యమున ఈ దేశపు కరవును కన్నులార చూచినందున, తన కీ బ్రతుకు వద్దని అమెరికాలో చదువుకొనునప్పుడే తలపోసిరి. 1890వ సంవత్సరమున తల్లిగారి యస్వస్థతవలన దిండివనమునకు వచ్చిరి. కొలది కాలముండి తిరిగిపోవలెననియే వచ్చిరి.

అక్కడ ఒక రాత్రి ముగ్గురు పురుషులు ఒకరి తరువాత నొకరు వచ్చిరి. ఒకరు బ్రాహ్మణులు, ఒకరు ముసల్మాను, మఱియొకరు వేఱొక హిందూ కుటుంబమువారు. ముగ్గురి భార్యలును ప్రసవవేదనలో నుండిరి. తాను వైద్యురాలను కాననియు, తన తండ్రిగారు వైద్యులనియు ఆమె చెప్పిరి. పరపురుషుడు మా స్త్రీలను చూడరాదని ముగ్గురును మరలిపోయిరి. తెల్లవాఱునప్పటికి ఆ ముగ్గురు స్త్రీలును గతించిరి.

ఆమె చెప్పిన మాటయందు తప్పేమి? ఇరువది యేండ్ల కన్య; వైద్యము చదువలేదు. మోషే మాట తడబడుట యెంత నిజమో ఇదియు నంత నిజము. ఎంతటి న్యాయస్థానమైనను ఆమెను దోషి యనదు. కాని ఉదయమున ఆమె తన తల్లిదండ్రులతో, అమెరికాకు పోయి వైద్యము చదివి తిరిగి వచ్చెదనని చెప్పిరి. నిజమైన యాటంకమును ఎట్లు దాటవలెనో ఇందు గాననగును. వైద్యురాలను కాననుట అబద్ధమని ఆమెతో నెవరును అనలేదు. అది నిజము గాకుండునట్లు చేయుటకు తొమ్మిదేండ్లు పట్టెను. 1899వ సంవత్సరమున కార్నెలు వైద్యకళాశాలలో పట్టము పొంది, 1900 సంవత్సరారంభమున మఱల ఈ దేశమునకు వచ్చిరి. ఆ సంవత్సరముననే తండ్రిగారు గతించిరి. చేయి పట్టుకొని పని నేర్పుదురనుకొన్నవారు పోయిరి; తిరిగిపోవుటకు ఇంతకంటె మంచి సాకు దొరకదు. ఆమె పోలేదు. 1902లో నలువది మంచముల ఆసుపత్రి తెఱవబడెను. 1918లో స్త్రీలకు వైద్యపాఠశాల తెఱచునప్పుడు, చేరుటకు ఆడుపిల్లలు ముగ్గురైన వత్తురాయని పెద్ద యుద్యోగి యొకరు సందేహించిరట. నూఱుమందికంటె ఎక్కువ దరఖాస్తులు వచ్చినవి. దిండివనములో ఆ రాత్రి ముగ్గురు పురుషులు ఏమి యడుగ వచ్చిరో, దానిని ఈ దేశపు స్త్రీలే నేర్చుకొన మొదలుపెట్టిరి.

ఇది చదివి, పిల్లలను, వంటను విడిచి అందఱును సముద్రము దాటవలెనా యని అడుగవలదు. ఇంటిపనియంతయు సాకే యని మేమనుట లేదు. యోకెబెదునకు వచ్చిన పిలుపు తన బిడ్డకు తానే పాలిచ్చుట. అదియు ఫరో కుమార్తెయొద్ద జీతము పుచ్చుకొని! చంటిబిడ్డను చంకనుంచుకొని యున్న తల్లిని, రోగియైన భర్తకు ఉపచారము చేయుచున్న యిల్లాలిని సంఘసేవకు రాలేదని నిష్ఠురములాడువారు ఆ పిలుపును పోల్చుకొనలేనివారు. కాని పనికిని సాకునకును గల భేదమును మేము మా జాడీలయొద్ద నేర్చుకొంటిమి. పని ముగిసినప్పుడు తీఱిక మిగులును. సాకు ముగిసినప్పుడు దాని స్థానమున మఱియొకటి సిద్ధముగా నుండును. ఆవకాయ తరువాత మాగాయ, మాగాయ తరువాత చుట్టములు. పిల్లలు చిన్నవారని పదేండ్లు, పెండ్లికి ఎదిగిరని పదేండ్లు, మనుమలను పెంచవలెనని పదేండ్లు గడపినవారిని మేమెఱుగుదుము. లూకా సువార్త 14వ అధ్యాయములో విందునకు రానివారును దొంగలు, త్రాగుబోతులు కారు. ఒకడు పొలము కొనెను, ఒకడు ఐదు జతల యెడ్లను కొనెను, ఒకడు పెండ్లి చేసికొనెను. అన్నియు గౌరవమైన పనులే.

రాణియైన ఎస్తేరును ఒకప్పుడు వెనుదీసెను. పిలువక రాజసన్నిధికి పోయినచో మరణశిక్ష యని చట్టము. ఆమెను రాజు పిలిచి ముప్పది దినములైనది. అప్పుడు మొర్దెకై చెప్పి పంపిన మాట మాకు గ్రుచ్చుకొన్నది. ఆమె మిన్నకుండినను యూదులకు సహాయము వేఱొక దిక్కునుండి వచ్చుననెను. ఎస్తేరు లేచి వెళ్లెను. మేము వెళ్లలేదు, సహాయము ఎదురింటినుండి వచ్చినది. మామ్మగారికి లోటేమియు జరుగలేదు. ఆ పిల్లకు చదువు వచ్చినది.

మఱుసటి వారము మేము మఱల వెళ్లి, ఇకమీదట కొన్ని దినములు మేము చదువుదుమా యని అడిగితిమి. మామ్మగారు కొంచెముసేపు ఆలోచించి, “దాని చదువు దానిది, చదువనీ అమ్మాయీ. వాళ్లమ్మ పొద్దున్నే కూలికి పోవును. ఇది తల దువ్వుకొనకయే పరుగెత్తి వచ్చును. గూటిలో దువ్వెన యున్నది” అనిరి.

మేము దువ్వెన తీసికొని పిల్ల వెనుక కూర్చుంటిమి. జుట్టు చిక్కులు పడి యుండెను. చిక్కు లాగినప్పుడెల్ల పిల్ల తల కదలించుచు, వ్రేలు మాత్రము అక్షరము మీదనుండి తీయక, నూటయిరువదియొకటవ కీర్తన చదువుచుండెను.