పేరు నియువేది, పైసలెవరికి?

పసిఫిక్ సముద్రం నడుమ నియువే అని ఓ చిన్న దీవి ఉన్నది. 260 చదరపు కిలోమీటర్ల పగడపు రాయి. ఉండేటోళ్లు రెండు వేల లోపే. అయినా సొంత అసెంబ్లీ ఉన్నది. 20 మంది సభ్యులల్ల 14 మందిని ఊరికొకరు లెక్కన ఎన్నుకుంటరు, మిగిలిన 6గురికి దీవి మొత్తం ఓటేస్తది. న్యూజిలాండ్ చేతికింద ఉన్నోళ్లు 1974ల స్వపరిపాలన తెచ్చుకున్నరు.

పౌరసత్వం మాత్రం ఇప్పటికీ న్యూజిలాండ్‌దే. అందుకే చదువుకైనా కొలువుకైనా విమానమెక్కుడు అల్కగైంది. ఇయ్యాల దీవిల ఉన్నోళ్లకంటే న్యూజిలాండ్‌ల ఉన్న నియువే జనమే ఎన్నో రెట్లు ఎక్కువ. బడ్జెట్‌కు గూడ న్యూజిలాండ్ సాయమే దిక్కు.

మరి సొంత ఆదాయం? ఇంటర్నెట్‌ల మన దేశం గుర్తు డాట్ ఇన్ అయితే, నియువేది డాట్ ఎన్‌యూ. స్వీడన్ భాషల 'ను' అంటే 'ఇప్పుడు'. ఇంకేముంది, అక్కడ ఆ పేరుకు గిరాకి లేసింది. 2013 నుంచి దాన్ని నడిపేది స్వీడన్ సంస్థనే. మా పేరు మాకియ్యుండ్రి అని నియువే సర్కారు స్వీడన్ కోర్టుకెక్కింది.

జెండా, అసెంబ్లీ ఉంటేనే సొంత పాలన అయిపోదు తమ్మీ. పైసలొచ్చే తొవ్వ గూడ సొంత చేతిల ఉండాలె. లేకుంటే పాలించెటందుకు కుర్చీలుంటయ్, ఊర్లల్ల పిలగాండ్లుండరు.