పాచికకు జ్ఞాపకము లేదు

గోదావరి ప్రాంతమున సంక్రాంతి వచ్చినదనిన, కోడిపందెముల బరుల చెంతనే గుండాట బల్లలును వెలయుచుండును. 1974 నాటి ఆంధ్రప్రదేశ్ గేమింగ్ చట్టము జూదమును నిషేధించినను ఈ వాడుక పూర్తిగా మానలేదు. పండుగకని దాచుకొన్న కూలిడబ్బు అచ్చట ఒక్కపూటలో కరిగిపోవుచున్నది. చట్టముతోపాటు లెక్కయు తెలిసినగాని ఈ దురలవాటు తొలగదని నా అభిప్రాయము.

పాచికలతో ఆడు ఒక పందెమును ఊహింతము. మూడు పాచికలు వేయుదురు. మనము ఆరుపై ఒక రూపాయి ఒడ్డితిమి. ఆరు ఒక పాచికపై పడిన ఒక రూపాయి, రెంటిపై పడిన రెండు, మూటిపై పడిన మూడు రూపాయలు లాభము. ఒక్కటియు పడనిచో మన రూపాయి పోవును. “ఒక్కొక్క పాచికకు ఆరింట ఒకవంతు, మూటికి కలిసి సగము గదా!” అని తోచును. ఆ తోపే ఉచ్చు. మూడు పాచికలు 216 విధములుగా పడవచ్చును. అందు 125 విధములలో ఆరు పడనే పడదు. 75 విధములలో ఒకమారు, 15 విధములలో రెండుమారులు, ఒక్క విధములో మూడుమారులు పడును. వచ్చునది 75, 30, 3 కలిసి 108 రూపాయలు, పోవునది 125. అనగా 216 ఆటలకు సగటున 17 రూపాయలు నష్టము.

నమ్మకము కలుగనిచో పరీక్షింపుడు. ద్వారకా తిరుమలలోని బాలుడైనను, కొల్లేటి లంకలలోని బాలికయైనను, కంప్యూటరు దొరికినచో ఈ పని చేయవచ్చును. స్ప్రెడ్‌షీట్‌లో మూడు గడులయందు ‘రాండ్‌బిట్వీన్’ అను సూత్రముతో 1 నుండి 6 వరకు అంకెలు పడునట్లు చేయుడు. అది ఒక ఆట. ఇరువది ఆటలు మాత్రమే చూచిన లాభము కనబడినను కనబడవచ్చును; జూదరిని మోసగించునది ఆ లాభమే. అదే వరుసను 2,160 మారులు దింపుడు. నష్టము 170 రూపాయలకు అటునిటుగా తేలును. ఐదు ఆటలు వరుసగా ఓడిన చోట్లను వెదకి, ఆరవ ఆటను చూడుడు. గెలుపు పాళ్లు ఏమియు పెరుగవు. “ఇక పడక తప్పదు” అను ఆశ మనదే. పాచికకు జ్ఞాపకము లేదు. చినవెంకన్నకు మ్రొక్కి ఒడ్డినను, మ్రొక్కక ఒడ్డినను లెక్క యొక్కటే.

నన్నయ భారతములో నలుడు జూదమున రాజ్యమును కోల్పోయి, ఋతుపర్ణుని వలన అక్షహృదయమను విద్యను నేర్చి, దానిని మరల పొందెను. నేటి బాలబాలికలును ఆ హృదయమును గ్రహింపవలెను. అయితే ఆడి గెలుచుటకు గాదు, ఆడక నిలుచుటకు.