మోటారు తిరగకపోతే తప్పు వాచ్‌మన్‌దేనా?

ఈసారి పోస్టు కాస్త పొడుగే. ఆదివారం మీటింగు లోపల మన సంఘం సభ్యులంతా చదవాలని రాస్తున్నా. చివర్లో ఒక విన్నపం ఉంది, అంతదాకా ఓపిక పట్టండి.

మన మంటపంలో సంపు మోటారు ఆగిపోయిన సంగతి మీకు తెలుసు. మర్నాడు సీమంతం బుక్కయి ఉంది, మిద్దె మీద ట్యాంకు ఖాళీ. రెండు ట్యాంకర్లు తెప్పించి ఎలాగో గట్టెక్కాం. తర్వాత కమిటీ కూర్చుంది. మన పెద్దాయన ఒకరు మోటారు వైరుకు టెస్టరు పెట్టారు, లైటు వెలిగింది. "కరెంటొస్తోంది, మోటారు తిరగట్లేదు. అంటే మోటారు కాలిపోయింది" అన్నారు. ఎందుకు కాలిందంటే, సంపులో నీళ్లు లేకుండా వాచ్‌మన్ వేసి వదిలేశాడట. ఎవరూ చూడలేదు, అయినా పది నిమిషాల్లో తీర్పు అయిపోయింది. కొత్త మోటారు కొనాలి, వాచ్‌మన్ జీతంలో నెలకు వెయ్యి చొప్పున మూడు నెలలు పట్టుకోవాలి. ఒప్పుకునేవాళ్లు చేతులెత్తమన్నారు. నేనూ ఎత్తాను.

ముప్పై ఏళ్లు మిల్లులో ఎలక్ట్రికల్ మెయింటెనెన్సు చేసినవాణ్ణి, నేనెత్తాను! ఇదే విషయం మీద రెండేళ్ల కింద మా అల్లుడికి గంటసేపు ఉపన్యాసం ఇచ్చినవాణ్ణి కూడా నేనే. ఆ కథ ముందు చెప్తా.

మా అమ్మాయి వాళ్లు అమెరికాలో బోస్టన్ దగ్గర ఉంటారు. అక్కడ బాయిలరంటే మన ఇళ్లలో స్నానానికి కాచుకునే రాగి బాయిలరు లాంటిది కాదు. ఇంటి కింది గదిలో ఒక పెట్టె నీళ్లు కాస్తుంది. చిన్న పంపు ఒకటి ఆ వేడినీళ్లను గొట్టాల గుండా గదులన్నీ తిప్పి మళ్లీ వెనక్కి తెస్తుంది. దాన్ని సర్క్యులేటర్ అంటారు. నీళ్లు ఎంత కాగినా ఆ పంపు తిరక్కపోతే వేడి కింది గదిలోనే ఉండిపోతుంది, పైన ఇల్లు చల్లబడిపోతుంది.

జనవరి నెల. అక్కడ రాత్రి ఎనిమిది, మనకు తెల్లారి ఆరున్నర. అల్లుడు వీడియో కాల్ చేశాడు. "మామయ్యా, ఇంట్లో వేడి లేదు. మధ్యాహ్నం మెకానిక్ వచ్చి పంపు పోయిందని కొత్తది వేశాడు. అదీ తిరగట్లేదు. మళ్లీ రేపొస్తానన్నాడు" అన్నాడు. బయట సున్నాకు చాలా కిందికి పోయింది చలి. ఇంట్లో ఏడు నెలల పసిబిడ్డ. గొట్టాల్లో నీళ్లు గడ్డకడితే ఇంకో ప్రమాదం. నీళ్లు మంచైతే దాదాపు తొమ్మిది శాతం ఉబ్బుతాయి, గొట్టాలు పగులుతాయి. కరెంటు హీటరుతో ముగ్గురూ ఒకే గదిలో పడుకున్నారు.

పెట్టె మూత తీయొద్దని చెప్పాను. అక్కడ 120 వోల్టులైనా కరెంటు కరెంటే. చూడ్డం, వినడం మాత్రం చేయమన్నాను. బాయిలరు మీద మీటరు ఎంత చూపిస్తోంది? 180 ఫారన్‌హీట్, అంటే మన లెక్కలో 82 డిగ్రీలు. సరే, మంట బాగానే పని చేస్తోంది. పైన థర్మోస్టాట్ పెంచితే కింద పెట్టెలో టిక్కుమంటోందా? అంటోంది. పంపు సద్దు చేస్తోందా? లేదు.

ఇక్కడ ఆ కంట్రోలు పెట్టె సంగతి రెండు ముక్కల్లో చెప్పాలి. పై గదిలోని థర్మోస్టాట్ నేరుగా పంపును నడపదు. 24 వోల్టుల చిన్న కరెంటుతో 'వేడి కావాలి' అని కబురు పంపుతుందంతే. ఆ కబురు అందగానే పెట్టెలో రిలే పడుతుంది, దాని కాంటాక్టులు కలిసి పెద్ద కరెంటును పంపుకు వదుల్తాయి. టిక్కుమందంటే రిలే కదిలిందనే అర్థం. కరెంటు దాటిందని కాదు. కాంటాక్టులు కాలి మసిబారితే చప్పుడొస్తుంది గానీ కరెంటు పోదు.

ఇంకోటుంది. కొన్ని కంట్రోళ్లు నీళ్లు కొంత వేడెక్కేదాకా కావాలనే పంపును ఆపి పెడతాయి. స్నానాల ట్యాంకుకు వేడి కావాల్సొస్తే గదుల పంపును కాసేపు పక్కన పెట్టేవీ ఉన్నాయి. అది జబ్బు కాదు, దాని పనే అది. కానీ మావాళ్ల నీళ్లు బాగా కాగి ఉన్నాయి, స్నానాలకు ఎవరూ వాడట్లేదు. కాబట్టి ఆ అనుమానం లేదు.

అల్లుడికి ఒక్కటే చెప్పాను. "రేపొచ్చే మెకానిక్కును ఏదీ మార్చకముందే ఒక పని చేయమను. పంపుకు పోయే రెండు టెర్మినళ్ల మధ్య మీటరు పెట్టమను. 120 ఉంటే తప్పు పంపుది. సున్నా ఉంటే పంపు అమాయకురాలు."

మర్నాడు వేరే మెకానిక్ వచ్చాడు. థర్మోస్టాట్ వైర్లు తీసి ఆ రెండు టెర్మినళ్లనూ వైరు ముక్కతో కలిపాడు. రిలే టిక్కుమంది. పంపు టెర్మినళ్ల మధ్య మీటరు పెడితే సున్నా. కంట్రోలు మార్చాడు, గంటలో ఇల్లు వెచ్చబడింది. ముందురోజు తీసి పారేసిన పంపు బాగానే ఉంది. దానికిచ్చిన డాలర్లు పోయాయి, రాత్రంతా బిడ్డ చలిలో ఉంది.

ఇప్పుడు మన మంటపానికి రండి. కొత్త మోటారు వచ్చింది, బిగించారు. తిరగలేదు! టెస్టరు మాత్రం మళ్లీ చక్కగా వెలిగింది. అప్పుడు ఆ ఎలక్ట్రీషియన్ కుర్రాడు మల్టీమీటరు తీసి రెండు వైర్ల మధ్య పెట్టాడు. సున్నా. విషయం ఏమిటంటే, ఎప్పుడో ఎవరో ఆటోమేటిక్ కంట్రోలరు రిలేను ఫేజులో కాకుండా న్యూట్రల్‌లో కలిపారు. అందుకే కంట్రోలరు ఆపేసి ఉన్నా ఫేజు మోటారు దాకా వచ్చి కూర్చునుంది. టెస్టరుకు ఫేజు ఒక్కటే చాలు, వెలుగుతుంది. మోటారుకు రెండూ కావాలి. ఇది ప్రమాదం కూడా. మోటారు ఆగి ఉంది కదా అని వైరు ముట్టుకుంటే షాకు కొడుతుంది.

మరి కంట్రోలరు ఎందుకు ఆపింది? సంపు మూత తీస్తే తెలిసింది. సెన్సరు కడ్డీలకు బోరునీళ్ల సున్నం తెల్లగా పేరుకుపోయి ఉంది. సున్నం అడ్డమొచ్చి కడ్డీకి నీళ్లు తగల్లేదు. నిండా నీళ్లున్న సంపును కంట్రోలరు ఖాళీ అనుకుంది. ఖాళీ సంపులో మోటారు తిరగకూడదని ఆపేసింది. ఉప్పుకాగితంతో కడ్డీలు రుద్దారు. రిలే టిక్కుమంది, మోటారు తిరిగింది. మాన్యువల్ స్విచ్ పనిచేసి ఉంటే మొదటిరోజే తెలిసేది, అది పోయి ఏళ్లయింది.

అంటే పాత మోటారు కాలలేదు. వాచ్‌మన్ దాన్ని ఉత్త సంపులో నడపలేదు, నడపాలన్నా కంట్రోలరు నడపనివ్వదు. ఈ చిన్న లెక్క ఆ రోజు మీటింగులో ఒక్కరికీ తట్టలేదు. ఎద్దు ఈనిందంటే దూడను గాటన కట్టెయ్యమన్నట్టు అందరం చేతులెత్తాం.

మోటారు మళ్లీ తిరిగాక గ్రూపులో బొటనవేళ్ల బొమ్మలు వరసగా పడ్డాయి. వాచ్‌మన్ వెయ్యి రూపాయల మాట ఎవరూ ఎత్తలేదు. రెండు నెలలది ఇప్పటికే పట్టుకున్నాం. "అడగలేదు కదా అతను" అన్నారొకరు. ఎలా అడుగుతాడండీ? భార్యాబిడ్డలతో మంటపం వెనక రేకుల గదిలో ఉంటున్నాడు. ఉద్యోగం పోతే ఇల్లూ పోతుంది. అనంతపురం వైపు నుంచి పొట్ట చేతపట్టుకుని వచ్చినవాడు. మన తాతముత్తాతలు ఈ ఊరికి ఎలా వచ్చారో ప్రతి ఉగాదికీ స్టేజి మీద చెప్పుకుంటాం కదా, అలాగే.

"మూడు వేలే కదా, దీనికింత పోస్టా?" అనేవాళ్లుంటారు. మూడు వేలు మనకు ఒక పూట టిఫిన్ల ఖర్చు, అతనికి పిల్లల ఫీజు. అయినా నా బాధ డబ్బు గురించే కాదు. యంత్రాన్ని పరీక్షించడానికి మీటరు కావాలి, తెలిసినవాడు కావాలి, అరగంట కావాలి. మనిషి మీద నెట్టడానికి ఏమీ అక్కర్లేదు. అందుకే మనం ముందు అక్కడికే పోతాం.

ఆదివారం మీటింగులో నేను మూడు మాటలు పెడతాను. ఒకటి, పట్టుకున్న రెండు వేలూ వాచ్‌మన్‌కు వెనక్కివ్వాలి, మూడో నెలది ఆపాలి. అందరి ముందూ 'మేం తప్పు చేశాం' అని చెప్పాలి. రెండు, ఇకమీద మంటపంలో ఏ యంత్రమైనా మార్చేముందు కరెంటు ఎక్కడిదాకా వచ్చి ఎక్కడ ఆగిందో ఎలక్ట్రీషియన్ కాగితం మీద రాసివ్వాలి, దాన్ని చూశాకే బిల్లు పాసు చేయాలి. మూడు, ఆ రిలేను ఫేజులోకి మార్చి, మాన్యువల్ స్విచ్ వేయించి, వైరింగు బొమ్మ పెట్టె తలుపు లోపల అతికించాలి. కడ్డీలు మూడు నెలలకోసారి శుభ్రం చేయించాలి. పాత మోటారు పారేయొద్దు, స్పేరుగా ఉంటుంది.

రెండో మూడో మాటల మీద మీరు ఎంతైనా వాదించండి, మారుద్దాం. మొదటిదాని మీద మాత్రం వాదన లేకుండా ఒప్పుకోమని నా విన్నపం. ఆ రోజు ఎత్తిన చేతినే మళ్లీ ఎత్తాలి, అంతే. ముందు నేనెత్తుతాను.