ఇసుక దీవుల చిత్రము – మన అభిప్రాయములు

చలనచిత్రము వినోదమునకే గాక విజ్ఞానమునకు కూడ సాధనమని చెప్పుట పరిపాటి. అయితే చిత్రమును చూచుట వేరు, చూచినదానిని గూర్చి ఆలోచించుట వేరు. ఈ రెండింటికి నడుమ దూరము ఎంతటిదో ఈ సంవత్సరము మన కళాశాలలో ప్రదర్శించిన ఒక ప్రకృతి చిత్రము మాకు తెలియజేసినది.

అమెరికా దేశపు అట్లాంటిక్ తీరము పొడవునా అడ్డుగోడవలె నిలిచియున్న ఇసుక దీవులను గూర్చిన చిత్రమది. భూగోళ శాస్త్రములో వీటిని అవరోధ దీవులందురు. ఒకవైపు మహాసముద్రము, రెండవవైపు ఉప్పునీటి కయ్యలు, నడుమ సన్నని ఇసుక పట్టె – ఇదే వాటి స్వరూపము. ప్రదర్శన ముగిసిన తరువాత తెలుగు, ఉర్దూ విభాగముల విద్యార్థులు తమ అభిప్రాయములను చీటీలపై వ్రాసి ఇచ్చారు. వాటినన్నిటిని చదివిన పిమ్మట ఈ నాలుగు మాటలు వ్రాయవలెనని మాకు తోచినది.

ఆ అభిప్రాయములు ముఖ్యముగా మూడు విధములు. చిత్రము అతి సుందరముగా ఉన్నదని, మనుష్య సంచారము లేనందువలననే ఆ దీవులు అంత నిర్మలముగా ఉన్నవని పలువురు వ్రాశారు. అంత ధనము, అంత యంత్రబలము గల దేశము సముద్రమునకు అడ్డుకట్ట వేయక తీరమును కోతకు వదలివేయుట ఏమని మరికొందరు ఆశ్చర్యపడ్డారు. ఎక్కడి అమెరికా, ఎక్కడి మనము, ఈ చిత్రముతో మనకేమి పని అని మూడవ వర్గమువారు ప్రశ్నించారు. మూడింటిలోను కొంత న్యాయమున్నది. మూడింటికిని సమాధానము చెప్పవలసియున్నది.

మొదట అడ్డుకట్ట విషయము. ఈ దీవులు కొండరాతితో ఏర్పడినవి కావు. అలలు, గాలి కలిసి పోగుచేసిన ఇసుక తిన్నెలు. పెద్ద తుపాను వచ్చినపుడు కెరటములు తిన్నెలను దాటి, సముద్రపు వైపు ఇసుకను దీవి వెనుక వైపునకు మోసికొనిపోవును. అక్కడ ఆ ఇసుకపై గడ్డి మొలచి కొత్త నేల ఏర్పడును. ఈ విధముగా దీవి ముందు అరుగుచు, వెనుక పెరుగుచు, మెల్లగా ప్రధాన భూభాగము వైపు జరుగుచుండును. కయ్యలలో పెరిగిన ఆలుచిప్పల గుల్లలు ఈనాడు కొన్ని దీవుల సముద్రపుటొడ్డున లభించుటయే దీనికి నిదర్శనము. ఒకనాడు దీవి వెనుక ఉన్న కయ్య మీదుగా దీవియే దొర్లివచ్చినదన్నమాట. కదలికయే ఈ దీవులకు ప్రాణము.

అట్టి దానిని కట్టివేయబూనిన ఏమగునో మేరీలాండ్ రాష్ట్రపు అనుభవము తెలుపుచున్నది. 1933వ సంవత్సరము ఆగస్టులో వచ్చిన తుపాను ఓషన్ సిటీ పట్టణమునకు దక్షిణమున దీవిని రెండుగా చీల్చి కొత్త మొగను తెరిచినది. పడవల రాకపోకలకు అది అనుకూలమని, పూడిపోకుండ రాతిగోడలు కట్టారు. ఉత్తరము నుండి వచ్చు ఇసుక ఆ గోడ వద్ద ఆగి పట్టణపు ఒడ్డు వెడల్పయినది. దక్షిణముననున్న ఆసటీగ్ దీవికి మాత్రము ఇసుక కరవై, దాని ఉత్తర భాగము వేగముగా భూభాగము వైపు వెనుకకు తగ్గినది. ఒకరి లాభము కొరకు కట్టిన గోడ పొరుగువానికి నష్టమైనది. అడ్డుకట్ట వేయలేదేమని అడిగిన మిత్రులు ఈ సంగతిని గమనింతురు గాక.

హాటెరాస్ అగ్రమున గల దీపస్తంభము కథ ఇంకను బోధకరమైనది. 1870లో నిర్మించిననాడు సముద్రము దానికి సుమారు 1,500 అడుగుల దూరమున ఉండెడిది. నూరేండ్లు దాటిన తరువాత కెరటములు దాని పాదము సమీపమునకు వచ్చినవి. గోడ కట్టవలెనా, స్తంభమును జరుపవలెనా అని ఎంతో వాదోపవాదము జరిగినది. తుదకు 1999లో ఆ మహా స్తంభమును పునాది నుండి విడదీసి, పట్టాలపై 2,900 అడుగులు లోపలికి నడిపించారు. ఈ దృశ్యమును చూచి మన సభలో కొందరు నవ్విన మాట నిజము. వారికది మనిషి ఓటమిగా తోచియుండవచ్చును. మాకు మాత్రము అది వివేకముగా తోచినది. వచ్చువానికి దారి యిచ్చి తన దీపమును తాను కాపాడుకొనుట ఓటమి కాదు.

ఇంతవరకు చిత్రముతో మాకు విభేదము లేదు. మా అసంతృప్తి అంతయు మొదటి వర్గమువారు మెచ్చుకొన్న విషయముననే. చిత్రమున గుర్రములున్నవి, తాబేళ్ళున్నవి, వలస పక్షులున్నవి, మనుష్యులు లేరు. ఆ దీవులపై మనుష్యులెన్నడును లేనట్లే కథనము సాగినది. ఇది సత్యము కాదు.

జార్జియా రాష్ట్ర తీరమున సాపెలో అను దీవి గలదు. ఆఫ్రికా నుండి బానిసలుగా తేబడినవారు అక్కడి తోటలలో వెట్టిచాకిరి చేశారు. స్వేచ్ఛ లభించిన పిమ్మట వారి సంతతి ఆ దీవిలోనే నేల కొని, చేపలు పట్టుకొనుచు, పైరులు పెంచుకొనుచు పల్లెలు కట్టుకొన్నారు. ఇరువదవ శతాబ్దమున దీవిలో అధిక భాగమునకు యజమానియైన ఒక ధనవంతుడు ఆ పల్లెలవారిని తరలించి హాగ్ హామక్ అను ఒక్క చోటికి చేర్చినాడు. నేడు అక్కడ మిగిలినవి కొద్ది కుటుంబములే. 2023లో స్థానిక పాలక వర్గము పెద్ద ఇండ్లకు అనుమతినిచ్చు విధముగా నిబంధనలను మార్చినపుడు, పన్నులు పెరిగి తాము దీవిని విడువవలసివచ్చునని వారు న్యాయస్థానమును ఆశ్రయించారు.

ఆ దీవిలోనే పందొమ్మిదవ శతాబ్దపు తొలి భాగమున బిలాలీ ముహమ్మద్ అను బానిస యుండెను. పశ్చిమ ఆఫ్రికాలోని ఫూటా జల్లాన్ ప్రాంతము ఆయన జన్మభూమి. ఆయన స్వహస్తముతో అరబ్బీ లిపిలో వ్రాసిన చిన్న పుస్తకమొకటి నేడు జార్జియా విశ్వవిద్యాలయమున భద్రముగా ఉన్నది. చదువగలవారు లేక దానిని ఒక తోట బానిస దినచర్యగా చిరకాలము భావించారు. తీరా పండితులు పరిశీలింపగా, వుజూ, అజాన్, నమాజు మొదలైన వాటి నియమములను, బాల్యమున నేర్చిన ధర్మశాస్త్ర పాఠములను ఆయన జ్ఞాపకమునుండి వ్రాసికొన్నట్లు తేలినది. సంకెళ్ళ నడుమ, పరాయి ఇసుకపై కూర్చుండి, తన చదువును మరువని ఒక విద్యార్థి ఆయన. ఆ కొన్ని పుటలకు చిత్రమున ఒక నిమిషమైనను చోటు లేకపోయెనే యని మాకు బాధ కలిగినది.

కనుక నిర్జన సౌందర్యమును మెచ్చుకొన్న మిత్రులకు మా మనవి ఇది: తీరము నిర్జనముగా కనిపించినపుడు, అది ఎప్పుడును నిర్జనమేనా, లేక ఎవరినైన తరలించినందువలన నిర్జనమైనదా అని అడుగుట నేర్చుకొనవలెను. ఇసుక జరుగుట ప్రకృతి ధర్మము. మనుష్యులను జరుపుట మనుష్యుల నిర్ణయము. రెండింటిని ఒకే కంటితో చూడరాదు.

ఇక మూడవ ప్రశ్న – మనకేమి పని? బంగాళాఖాతమునకు, పులికాట్ సరస్సునకు నడుమ గల శ్రీహరికోట కూడ ఇట్టి అవరోధ దీవియే. రాకెట్లను ప్రయోగించు స్థలముగా దాని పేరు నేడు ప్రపంచమంతట వినబడుచున్నది. 1980లో రోహిణి ఉపగ్రహము అక్కడినుండియే కక్ష్యలో చేరినది. అది మనకందరకు గర్వకారణమే. కాని ఆ కేంద్రమునకు పూర్వము ఆ అడవులలో యానాదులు జీవించెడివారనియు, కేంద్రము కొరకు వారు చోటు మారవలసివచ్చెననియు మనలో ఎందరికి తెలియును? పులికాట్ మొగ ఇసుకతో పూడుకొనిపోయినపుడు జాలరుల వలలు ఖాళీగా వచ్చునని ఎందరము ఎరుగుదుము? ఫ్లెమింగో పక్షులను చూచుటకు పోవుదుము. వలలు వేయువారి ముఖములు చూడకయే తిరిగివత్తుము. ఆ చిత్రము చేసిన పొరపాటునే మనమును చేయుచున్నామన్నమాట.

కళాశాల కమిటీవారికి రెండు విన్నపములు. ఇట్టి చిత్రములను ప్రదర్శించినపుడు ముగియగానే దీపములు వెలిగించి విద్యార్థులను పంపివేయక, ఒక అరగంట చర్చకు కేటాయింపవలెను. అడ్డుకట్టను గూర్చి ప్రశ్నించిన మిత్రునికి సమాధానము ఆనాడే లభించియుండెడిది. రెండవది, వచ్చే సంవత్సరము రెండు విభాగముల విద్యార్థులను కలిపి పులికాట్ తీరమునకు తీసికొనిపోవలెను. మొగ వద్ద ఇసుక ఎటు జరుగుచున్నదో కొలుచుటకు భూగోళ శాస్త్రము ఉపకరించును. అక్కడి జాలరులతో కూర్చుండి మాట్లాడుటకు మన మాతృభాషలు ఉపకరించును.

చిత్రమును ప్రదర్శించిన వారికి మా కృతజ్ఞతలు. అది చూపినదానికి మాత్రమే కాదు. అది చూపక విడిచినదానిని వెదకవలెనన్న కోరిక మాలో కలిగించినందులకు కూడ.