చచ్చాక పుణ్యాత్ములు

మా ఇంట్లో మొదటి డిగ్రీ నాది. సర్కారు బడిలో పంతుల్ని. భక్తికి కులం లేదని పాఠం చెప్పాలంటే నాకు నోరు రాదు.

మహారు చోఖామేళా పండరిపురం గుడి బయటే నిలబడి విఠలుణ్ణి పాడిండు. గోడ కూలి చచ్చినంక ఆ గుడి మెట్ల కాడనే సమాధి కట్టిన్రు. అటు పెరూ దేశం లిమా నగరంలో మార్టిన్ డి పోరెస్, నల్లతల్లి బిడ్డ. ఆఫ్రికా రక్తం ఉన్నోళ్లు పూర్తి సన్యాసులు కాగూడదన్న కట్టుతో క్రైస్తవ మఠంలో పనివాడిగా చేరిండు. 1639లో చనిపోయిండు. 1962లో పునీతుణ్ణి చేసిన్రు.

తూర్పున మైల, పడమట రక్తం. రెండు దిక్కులా మార్మికులు దేవునిలో అందరూ ఒకటేనన్నరు, తలుపులు మాత్రం తెరవలేదు. చోఖా పాటకు తెరుచుకోని గుడి 1947లో సానే గురూజీ నిరాహారదీక్షకు తెరుచుకుంది.

మా సంతులకు దండ వేసి మమ్మల్ని బయట నిలబెట్టే బేరం ఇక చెల్లదు.