అన్ని మతాలూ కలిసే చోటు

మతాలన్నీ చివరికి చెప్పేది ఒకటేనని శాంతి సభల్లో తరచు వింటూ ఉంటాం. ఎక్కడన్నా గొడవ జరిగితే పంతులుగారినీ, మౌల్వీగారినీ, పాస్టరుగారినీ ఒకే వేదిక మీద కూర్చోబెట్టి ఈ మాట చెప్పిస్తారు. చెప్పించడం మంచిదే. 1992 డిసెంబరులో బాబ్రీ మసీదు కూల్చాక దేశంలో పారిన నెత్తురు గుర్తున్నవాళ్లెవరూ దాన్ని తేలిగ్గా తీసుకోరు. తనకు బాధ కలిగించేది ఎదుటివారికి చేయకూడదని హిందూ, బౌద్ధ, యూదు, క్రైస్తవ, ఇస్లాం సంప్రదాయాలన్నీ ఏదో ఒక రూపంలో చెప్పాయి కూడా. ఆ ‘ఎదుటివారి’లో ఇంట్లో ఉన్న ఆడమనిషి ఉందా అన్నదే నా ప్రశ్న.

మొగుళ్లపల్లి చుట్టుపక్కల స్త్రీలు మతాల మధ్య గోడల్ని మొదటినుంచీ పెద్దగా లెక్కచేయలేదు. రెండేళ్లకోసారి మేడారం పోయి సమ్మక్క, సారలమ్మలకు బెల్లం ‘బంగారం’ ఇచ్చుకునే అక్కే, పీరీల పండుగకు పీరు ముందు మొక్కుతుంది. బిడ్డకు జబ్బు చేస్తే అన్నారం యాకూబ్ షావలి దర్గాకు పోయి కందూరు చేస్తుంది. పిల్లలు బాగుండాలి, పంట చేతికి రావాలి, మొగుడు తాగుడు మానాలి – ఏ గుమ్మం ముందైనా ఆమె అడిగేది ఇదే. డోర్నకల్‌లో బిషప్ అజరయ్య కట్టించిన, 1939లో ప్రతిష్ఠ జరిగిన కెథీడ్రల్‌లో గుడి స్తంభాలు, మసీదు గుమ్మటాలు కలిసే కనిపిస్తాయి. మన నేలకు ఈ కలయిక కొత్తది కాదు.

అయితే గుమ్మం దాటి లోపలికి చూస్తే ఇంకో కలయిక ఉంది. మేడారంలో కొలిచేది కాకతీయుల సైన్యంతో పోరాడిందని చెప్పుకునే తల్లిని, ఆమె బిడ్డను. చిలకలగుట్ట నుంచి ఆ తల్లిని తీసుకొచ్చే పూజారులు మగవాళ్లు. (ఆ జాతర మీద కోయల హక్కును నేను ప్రశ్నించడం లేదు. ఆ హక్కులో కోయ స్త్రీ వాటా ఎంత అని మాత్రమే అడుగుతున్నాను.) నేను చూసినంతవరకు పీరీలనెత్తుకునేదీ మగవాళ్లే. 1947లో ఏర్పడిన దక్షిణ ఇండియా సంఘంలో ఒక స్త్రీ బిషప్ కావడానికి 2013 దాకా పట్టింది. ఆమె మన తెలుగు స్త్రీయే, నంద్యాల అధ్యక్ష మండలానికి బిషప్ అయిన ఎగ్గోని పుష్పలలిత. కాథలిక్ చర్చి నేటికీ స్త్రీని గురువుగా ఒప్పుకోదు. కులాన్ని కాదన్న బౌద్ధంలో సైతం, నూరేళ్లుగా దీక్షలో ఉన్న భిక్షుణి ఆనాడే దీక్ష తీసుకున్న భిక్షువుకు లేచి నమస్కరించాలని నియమం పెట్టారు.

ఆస్తి దగ్గరికొస్తే పోలిక ఇంకా స్పష్టం. ఉమ్మడి ఆస్తిలో కొడుకుతో సమానంగా కూతురికి పుట్టుకతో హక్కు ఇస్తూ మన రాష్ట్రంలో సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి అమల్లోకి వచ్చింది, అదీ అప్పటికి పెళ్లికాని వాళ్లకే. దేశమంతటా ఆ హక్కు రావడానికి 2005 దాకా ఆగాలి. తిరువాన్కూరు క్రైస్తవ కూతురికి కొడుకు వాటాలో నాలుగోవంతో, ఐదువేల రూపాయలో, ఏది తక్కువైతే అదే దక్కేది. మేరీ రాయ్ సుప్రీంకోర్టుకెక్కి 1986లో గెలిస్తే గాని అది మారలేదు. ముస్లిం కూతురికి వాటా మత గ్రంథంలోనే ఉంది, కానీ కొడుకుకు వచ్చేదానిలో సగం. ఇవన్నీ కాగితం మీది లెక్కలు. ఊళ్లో జరిగేది వేరే: పెళ్లికి కట్నం ఇచ్చాం కదా, తల్లిగారింటికి దారి మూసుకోకమ్మా అని ఆడబిడ్డతో వాటా వదులుకున్నట్టు రాయించుకుంటారు. ఆ సంతకం దగ్గర మతభేదమేమీ లేదు.

మతపెద్దలకు ఈ ఐక్యత తెలియంది కాదు. 1994లో కైరో జనాభా సదస్సులో, మరుసటేడు బీజింగ్ మహిళా సదస్సులో వాటికన్, కొన్ని ముస్లిం దేశాలు గర్భస్రావం, కుటుంబం వంటి విషయాల్లో ఒకే వైపు నిలబడ్డాయి. స్త్రీ శరీరం మీద నిర్ణయం ఎవరిదన్న చోట శతాబ్దాల వైరం అడ్డురాలేదు. అంతకుముందే 1993లో చికాగో సర్వమత సభ ప్రకటన, స్త్రీపురుషుల సమాన హక్కులను మతాలన్నీ పాటించవలసిన నాలుగు ప్రతిజ్ఞల్లో ఒకటిగా చేర్చిన మాటా నిజమే. కాగితం అక్కడే ఉంది.

మన కార్యకర్తల ముందున్న చిక్కు వేరు. తలాక్ బాధితురాలు వచ్చిందంటే పత్రికలూ, పార్టీలూ వెంటబడతాయి. 2019 చట్టం ఒక్కసారిగా మూడు తలాకులు చెప్పిన భర్తకు మూడేళ్ల దాకా జైలు అంటుంది. చెప్పాపెట్టకుండా వదిలేసి ఇంకొకామెతో కాపురం పెట్టిన హిందూ భర్త కేసు అసలు వార్తే కాదు. ఆ స్త్రీ మనోవర్తి కోసం కోర్టు చుట్టూ తిరుగుతూనే ఉంటుంది. ఒక మతం స్త్రీ కన్నీళ్లను ఇంకో మతాన్ని కొట్టే కర్రగా వాడనివ్వకూడదు. అలాగని, మైనారిటీల భద్రత పేరుతో షాబానో నోరు నొక్కినట్టు మరొకరి నోరు నొక్కడానికీ మనం ఒప్పుకోలేం. 1986లో ఆ పని చేసింది పార్లమెంటే.

ఇంకో సంగతి. దర్గాకో, జాతరకో, ప్రార్థనకో పోయే అక్కను చూసి మనలో కొందరు నవ్వుతారు. ఆమెకు ఆసరా ఇచ్చే మరో చోటు చూపించకుండా నవ్వే హక్కు మనకెక్కడిది? ఆమె నమ్మకం జోలికి పోకుండానే మన సంఘాల్లో మాట్లాడవలసినవి చాలా ఉన్నాయి. భూమి కాగితం మీద ఎవరి పేరుంది, పిల్ల పెళ్లి ఎవరు నిశ్చయించారు, ముట్టయిన రోజుల్లో ఆమెను ఎక్కడ కూర్చోబెట్టారు, కొట్టిన మొగుడి దగ్గరికి తిరిగి పొమ్మని గుడిలో, మసీదులో, చర్చిలో ఎవరెవరు చెప్పారు.

ఈ నాలుగూ మీ ఊళ్లలో అన్ని మతాల స్త్రీలనూ ఒకేచోట కూర్చోబెట్టి అడగండి. వాళ్లు చెప్పింది, పేర్లు లేకుండా, వాళ్ల మాటల్లోనే రాసి పంపండి. వచ్చే సంచికలో సగం పేజీలు వాటికోసం ఉంచుతున్నాం.